నడుం పట్టీ

అరవై దాటినవాళ్ళు గోడ తెరలోని కోచ్ ఎదుట బరువులెత్తితేనే వాళ్ళ ఇంట్లో పొయ్యి దానంతటదే వెలిగే రోజులవి. ఎముకలు గుల్లబారిన హైమవతికి ఆ పొద్దున చేతులే లేవలేదు. కాఫీ లేక తల పగిలిపోతోంది. కోచ్ మనిషిని గుర్తుపట్టేది నడుం పట్టీని బట్టే కదా అని, చూడవచ్చిన ఆడపడుచు వకుళకి తన పట్టీ కట్టింది.

"ఈ ఒక్క పూటకీ నువ్వెత్తవే తల్లీ."

వకుళ అవలీలగా ఎత్తేసింది. పొయ్యి వెలిగింది, హైమవతి చేతికి కాఫీ వచ్చింది.

"శభాష్ హైమవతి గారూ! బాగా పుంజుకున్నారు. రేపటి నుంచి రెండు కిలోలు పెంచుతున్నాం" అన్నాడు కోచ్.

హైమవతి కుర్చీలో కూలబడింది. "రేపు కూడా రావే వకుళా."

"వస్తాను, దానికేం? కానీ వదినా, నేనెత్తితే నీ ఎముకలు గట్టిపడతాయా?"

కాఫీ అలాగే చల్లారింది. హైమవతి ఉసూరుమంటూ పట్టీ కోసం చెయ్యి చాచింది.