పచ్చ చుక్క

రంగు నిండలేదు.

సింధూజ మళ్ళీ నొక్కింది. కంప్యూటర్ తెరమీద తను గీసిన తామరపువ్వు తెల్లగానే ఉంది.

యూనివర్సిటీ ల్యాబ్‌లో డిజైన్ కోర్సు ప్రాక్టికల్ పరీక్ష. ఇంకా ఇరవై నిమిషాలే ఉంది. రేకుల్లో రంగు లేకపోతే సున్నా మార్కులు.

“ఈసారి తప్పితే సామాను సదురుకో. ఇంటికి పోదాం.” పొద్దున ఫోన్లో నాన్న అన్న మాట అది.



తార్నాకలో ఒక డీటీపీ షాపులో నెల రోజులు పని నేర్చుకుంది. గీతలను అక్కడ కంటి అంచనాతోనే కలిపేవాళ్ళు. “జర సందుంటే ఏమైతది? ప్రింటుల ఎవడు చూస్తడు?” అనేవాడు ఓనరు.

ఇక్కడా అలాగే కలిపింది. కలిసినట్టే కనిపిస్తున్నాయి. మరి రంగెందుకు నిండదు?

పక్క సీట్లోని పెద్దాయన ఆమె తెరవైపే చూస్తున్నాడు. తెల్లజుట్టు, ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు.

ఎగ్జామినర్! ఆయన్ని చూసినప్పటినుంచీ ఆమెకు గుండెదడే.

ఆయన కాస్త వంగాడు. “బిడ్డా, స్నాప్ బంద్ ఉన్నది, గందుకే కొసలు అతుకుతలేవు. ఆన్ చెయ్.”

ఆమె బిక్కచచ్చిపోయింది. ఇది కూడా పరీక్షలో భాగమేనా?

“గీత కొసను ఇంకో కొస దగ్గరికి జరుపు. పచ్చ చుక్క వెలుగుతది. వెలిగినంకనే మౌస్ ఇడువు. నువ్వు ముందే ఇడుస్తున్నవ్.”

ఆన్ చేసింది. కొసను మెల్లగా జరిపింది.

పచ్చ చుక్క వెలిగింది. వేలు తీసింది. గీత అతుక్కుంది.

రంగు నొక్కితే రేకంతా గులాబీగా నిండిపోయింది.

“హమ్మయ్య!” పైకే అనేసింది.

హాలు చూస్తున్న కరుణాకర్ సార్ మాటలు విని గబగబా వచ్చాడు. “ఎవరు చెప్పిన్రు?”

ఎగ్జామినరే చెప్పాడు కదా, తప్పేముంది? వేలితో పక్క సీటువైపు చూపింది.

“పిల్ల అడగలే సార్. నేనే చెప్పిన” అన్నాడు పెద్దాయన.

“మీరొకసారి బయటికి రండి.”

ఆయన లేచాడు. “భయపడకు బిడ్డా. మిగిలిన రేకులు కానియ్.”

తలుపు మూసుకుంది. బయట ఏవో మాటలు. తన పరీక్ష రద్దు చేయాలని మాట్లాడుకుంటున్నారా? ఒక్కో రేకూ కలిపింది, ఒక్కో రేకూ నింపింది.

ఆయన తిరిగి రాలేదు.

గంట మోగింది. అందరూ వెళ్ళిపోయారు. అటెండర్ సమ్మక్క వరసగా కంప్యూటర్లు ఆపుకుంటూ వస్తోంది.

“ఆంటీ, నా పక్కన కూసున్న ఎగ్జామినర్ సార్ ఎటు పోయిన్రు? థ్యాంక్స్ చెప్పాలె.”

సమ్మక్క చెయ్యి స్విచ్చు మీదే ఆగింది.

“ఎగ్జామినరేంది బిడ్డా? గాయన గూడ నీ లెక్కనే పరీక్ష రాయనీకొచ్చిండు, మూడుసార్లు ఫెయిలయిండు, గిదే ఆఖరి ఛాన్సుండె.”