ఎనిమిదో సైకిలు

“ఈ ఎర్ర పిల్లల సైకిళ్లు ఎన్నున్నాయి?” అన్నాడు ముసలాయన.

లాయ్ తన చెవుల్ని తానే నమ్మలేకపోయాడు. చచ్చినవాళ్లు భూమ్మీద తిరుగుతారనే దయ్యాల నెలలో తైనాన్‌లో కీడని కొత్త బండి ఎవరూ కొనరు. నెల్లాళ్లుగా కొట్లో ఈగలు తోలుకుంటున్నాడు. ఆ నెలకు అదే ఆఖరి రోజు.

“ఎన్ని కావాలి?”

“అన్నీ. ఒక్కటి కూడా పిల్లలకు అమ్మకండి. ముందు చక్రం పైన అతుకు నిలవదు.”

లాయ్ నవ్వాడు. వంక పెట్టకుండా బేరం మొదలెట్టినవాణ్ణి ముప్పయ్యేళ్లలో చూడలేదు.

“ధర తగ్గదు పెద్దాయనా.”

“తగ్గించమన్నానా?”

లాయ్ ఖంగుతిన్నాడు. వీటికి ఎక్కడో మంచి గిరాకీ ఉండే ఉంటుంది. గబగబా లోపలికెళ్లి ఒకదాన్ని అట్టపెట్టెల వెనక్కి తోశాడు. ఇంత గిరాకీ ఉన్న బండి మనవరాలు పెయ్‌షాన్‌కి దక్కకపోతే ఎలా?

ఏడు బయటికొచ్చాయి. గాలి కొడతానంటే ఆయన వద్దన్నాడు. ఊరికే ఇచ్చే బెల్లులూ వద్దన్నాడు.

“మీకు ఎనిమిది వచ్చాయని విన్నాను.”

“ఒకటి అమ్ముడైంది.”

ఆయన మొహం పాలిపోయింది. “ఎవరికి? ఇల్లెక్కడ?”

“కొన్నవాళ్ల ఇంటికి కూడా వెళ్తారా? భలేవారే.”

ఆయన చీటీ మీద ఫోన్ నంబరు రాసి రెండు చేతులతో అందించాడు. “వాళ్లు కనబడితే తొక్కొద్దనండి. దండం పెడతాను.”

ఆయన వీధి మలుపు తిరగకముందే చీటీ చెత్తబుట్టలో పడింది.

మర్నాడు నెల మారింది. పెయ్‌షాన్ ఏటిగట్టు మీద కొత్త సైకిలు తొక్కుతోంది. గట్టు కిందే మేయ్ అనే ఆమె పాత సామాన్ల కొట్టు. లాయ్ అట్టపెట్టెలు అమ్ముదామని అక్కడికెళ్లాడు.

లోపల తన ఎర్ర సైకిళ్లు. ఏడూ రెండేసి ముక్కలుగా కోసి ఉన్నాయి.

“ఎవరు కోశారు మేయ్?”

“ఎవరో ముసలాయన అన్నా. నిన్న సాయంత్రం తనే కూర్చుని రంపంతో కోశాడు. మళ్లీ ఎవరూ అతికించుకోకుండానట.”

లాయ్ అట్టపెట్టెలు పడేసి గట్టు వైపు పరుగెత్తాడు.

“తాతా, వాలులో దిగుతున్నా చూడు,” పైనుంచి పెయ్‌షాన్ కేకేసింది.

వద్దని అరవబోయాడు. అంతలోనే ఇనుము విరిగిన చప్పుడు వినిపించింది.

ఆపరేషన్ గది బయట లాయ్, మేయ్ కూర్చున్నారు. పాప ఇంకా కళ్లు తెరవలేదు.

“ఆయనెవరు మేయ్?” అన్నాడు లాయ్.

“మీలాగే సైకిళ్ల కొట్టాయనట అన్నా, నిన్న కోస్తూ చెప్పాడు. ఈ రకంది ఒక్కటే అమ్మాడట. అది తొక్కిన పాప పోయాక కొట్టు అమ్మేసి, మిగిలినవాటిని ఊరూరా వెతికి కొంటున్నాడు.”