కొట్టు చప్పుళ్లు

“ఎదురు కొట్టువాడికి నా బేరాల గుట్టు మోస్తున్నావా?” అంటూ బామ్మర్ది చేతిలో మైకు లాక్కున్నాను. వారంగా నా బట్టల కొట్లో దాన్ని పట్టుకుని తిరుగుతున్నాడు.

“రేపు రేడియోలో మన కొట్టు చప్పుళ్లతో ఓ కార్యక్రమం చేస్తున్నా బావా.”

“చప్పుళ్లు వినడానికి జనానికి పనిలేదా? ఏదీ, వినిపించు.”

రికార్డింగులో కత్తెర కదిలింది. గుడ్డ పర్రున చిరిగింది. వెంటనే నా గొంతు: “రంగు పోదమ్మా, నాదీ హామీ.” మళ్లీ కత్తెర, మళ్లీ గుడ్డ, మళ్లీ నేను. పదిమంది ఆడవాళ్లకు, పది రకాల గుడ్డలకు, అదే మాట, అదే తీపి.

“ఎంత చక్కగా తాళం కుదిరిందో చూశావా?” అన్నాడు మురిసిపోతూ.

గొంతు విని మనిషిని అంచనా కట్టడంలో ముప్ఫై ఏళ్లుగా నేను పొరపడలేదు.

“నా గొంతు తీసెయ్‌రా,” అన్నాను. “ఆ గొంతువాడి మాట నమ్మి నేనైతే జేబురుమాలు కూడా కొనను.”