నాలుగో డివిజన్

“పొట్టేలును ఎత్తుకపోవాలె. మేమంతా లగ్గంల ఉన్నప్పుడే పని అయిపోవాలె,” అన్నాడు రాజేశ్, బిర్యానీ ప్లేటును వీరేశం ముందుకు జరుపుతూ.

“ఎవరి పొట్టేలు అన్నా?” ముక్క కొరుకుతూ తాపీగా అడిగాడు వీరేశం.

“మా చెల్లెది.”

వీరేశం మొహంలో ఆశ్చర్యం లేదు, జాలీ లేదు. నకిరేకల్ చుట్టుపక్కల దొంగల్లో వాడంత పనిమంతుడు లేడని హోటల్‌కు వచ్చే లారీ డ్రైవరొకాయన చెప్తే, రాజేశ్ ఇదివరకే వాడిని ఏరికోరి పట్టుకున్నాడు.

సొంత చెల్లె పొట్టేలును దొంగిలించే గతి రాజేశ్‌కు వాళ్ల నాయిన వల్ల పట్టింది. గొర్లు కాసి పైకొచ్చిన గుర్వయ్యకు ముగ్గురు పిల్లలు, మూడు వ్యాపారాలు. పెద్దకొడుకు మల్లికార్జున్ టెంట్‌హౌస్ చూసుకుంటాడు. నడిపోడు రాజేశ్‌ది హైవే పక్కన హోటల్. చిన్నబిడ్డ స్నేహలతది గొర్ల ఫారం.

అంతా మంచిగానే ఉండేది. నిరుడు ఎవరో గుర్వయ్యకు ఫోన్లో ఒక వీడియో చూపించారు. వెస్టిండీస్ దిక్కు ఒక కంపెనీ ఉందట. సిమెంటు అదే అమ్ముతుందట, బీమా అదే చేస్తుందట, కార్లూ నూనెలూ రొట్టెలూ కూడా దానివేనట. ఏడాదికోసారి అందరినీ కూర్చోబెట్టి, ఏ డివిజన్ ఎట్ల నడిచిందో మైకులో చెప్తుందట.

“అక్కడ క్రికెటోళ్లే ఉంటరనుకున్న. గింత తెలివి ఉన్నదా!” అని గుర్వయ్య మురిసిపోయాడు. తెల్లారేసరికి మూడు దుకాణాలూ మూడు డివిజన్లయ్యాయి. ఏడాది చివర ఏ డివిజన్ ముందుంటే దాని ఇంచార్జే గ్రూపుకు చైర్మన్ అన్నాడు.

చైర్మన్ అన్న మాట చెవిన పడ్డప్పటి నుంచి రాజేశ్‌కు కూడు సయించలేదు. ఆ హోదాతో విజిటింగ్ కార్డులు కూడా ముందే కొట్టించుకున్నాడు.

కానీ ఏడాది కలిసిరాలేదు. బోనాలప్పుడు హోటల్‌లో గ్రైండర్ మాయమైంది. దోసెలు ఆగిపోయి, గిరాకీ అంతా ఎదురు హోటల్‌కు మళ్లింది. మూఢం పోయి లగ్గాలు మొదలైన నాడే టెంట్‌హౌస్‌లో వంటగిన్నెలు పోయాయి. ఆ పని మాత్రం రాజేశ్ చేయించిందే. వీరేశం చేతివాటం ఎంతటిదో అప్పుడే చూశాడు.

ఇక మిగిలింది గొర్ల డివిజన్. దానికి ఆయువుపట్టు బాద్షా అనే విత్తనపు పొట్టేలు. దాని పేరు పాలమూరు దాకా మోగిపోయింది. ఏడాది చివరి మీటింగు నాడు దానికి పూలదండ వేసి స్టేజీ ఎక్కించాలని స్నేహలత ముచ్చట.

చుట్టాలింటి లగ్గం రామన్నపేటలో. అక్షింతలు పడుతుండగా రాజేశ్ ఫోన్ మోగింది.

“అన్నా, ట్రాలీ ఎక్కుతలేదు. కుమ్ముతాంది!”

“పేరు పెట్టి పిలువు మరి.”

“పిలిచిన. నా గొంతు దానికి నచ్చుతలేదు. స్పీకర్ పెట్టిన, జర నువ్వే పిలువు.”

రాజేశ్ అటూ ఇటూ చూశాడు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. “బాద్షా... దా బిడ్డా, దా... ఎక్కు నా బంగారం,” అన్నాడు.

ముందు వరుసలో పెండ్లికొడుకు మేనత్త వెనక్కి తిరిగి, ఆయనను ఎగాదిగా చూసి, పైటకొంగు సర్దుకుంది. అవతల బాద్షా మాత్రం ముద్దుగా ట్రాలీ ఎక్కేసింది. హోటల్‌లో మిగిలిన క్యాబేజీ రోజూ తినిపించే చెయ్యి ఆయనదే మరి.

సాయంత్రం ఖాళీ కొట్టం ముందు కూలబడి స్నేహలత వెక్కి వెక్కి ఏడ్చింది. “చిన్నన్నా, నా బాద్షాను ఎవడో కోసుకొని తిన్నడే!” అని ఆయన భుజం మీద వాలింది. చెప్పేద్దామా అనుకున్నాడు రాజేశ్. చైర్మన్ కుర్చీ కళ్ల ముందు మెదిలింది. చెల్లె కన్నీళ్లు మాత్రం తుడిచాడు.

మీటింగు రానే వచ్చింది. షామియానా కింద చుట్టాలూ పక్కాలూ నిండారు. గుర్వయ్య తెల్లబట్టల్లో మైకు అందుకున్నాడు.

“గొర్ల డివిజన్ మస్తుగ నడిచింది. కని బాద్షా పోయింది, దెబ్బతిన్నది. టెంట్‌హౌస్ డివిజన్ గిన్నెలు పోయినయి, అదీ దెబ్బతిన్నది. హోటల్ డివిజన్ గ్రైండర్ పోయినా, పడుకుంట లేసుకుంట నడిచింది.”

రాజేశ్ కాలర్ సవరించుకుని సగం లేచాడు.

“కూసో బిడ్డా, ఇంకా అయిపోలే,” అన్నాడు గుర్వయ్య. “మీకు చెప్పకుంట నాలుగో డివిజన్ ఒకటి పెట్టిన. పెట్టుబడి లేదు, కిరాయి జాగా లేదు. గిరాకీ ఇంట్లనే దొరికింది. అన్నింటికన్న ముందట ఉన్నది అదే. దాని ఇంచార్జే మన చైర్మన్.”

చప్పట్లు మోగాయి. ఏడ్వలేక రాజేశ్ కూడా కొట్టాడు. స్టేజీ పక్కన పరదా లేచింది. ఇస్త్రీ చొక్కా, మెడలో దండ, చేతిలో బాద్షా పలుపు. నవ్వుకుంటూ నడిచొచ్చాడు వీరేశం.

రాజేశ్ చప్పట్లు గాలిలోనే ఆగిపోయాయి. అన్న వైపు చూశాడు. మల్లికార్జున్ మొహం సున్నం కొట్టినట్టుంది. చెల్లె వైపు చూశాడు. స్నేహలత కొంగుతో మొహం కప్పుకుంటోంది.

గుర్వయ్య వీరేశం భుజం మీద చెయ్యేసి, మైకు దగ్గరికి జరుపుకున్నాడు.

“ఒకరి సొమ్ము ఒకరు ఎత్తుకరమ్మని మీరు ముగ్గురూ పైసలిచ్చిన్రు, ఒక్క గ్రైండర్‌కే ఇద్దరిచ్చిన్రు. ఆ పైసలన్ని గ్రూపుకే కట్టిండు, ఎత్తుకొచ్చిన సామాను నా గోదాంల పెట్టిండు. గీ ఏడాది మన కంపెనీల నిజాయితీగ పనిచేసింది ఈ దొంగొక్కడే!”