మూడు మోతలు

పొద్దు వాలుతోందంటే చాలు, బిక్షమ్మకు గుండె దడ.

ఆ ఏడు అమ్రాబాద్ అడవిలో పులి మనుషులకు మరిగింది. కట్టెలకు పోయినవాళ్లు తిరిగి రావడం లేదు. ఆమె భర్త పర్వతాలు అడవి కాపలాదారు. ఉండేది మూడో చౌకీలో, అడవి నడిబొడ్డున, ఒక్కడే. బిక్షమ్మ ఉన్నది రెండో చౌకీలో, అన్న లచ్చయ్య దగ్గర. అతనిదీ అదే కొలువు. తొలి కాన్పు, తల్లీతండ్రీ లేరు, కాబట్టి అన్న గుడిసే ఆమెకు పుట్టిల్లు. వానలు మొదలవగానే తనే వెళ్లి తీసుకొచ్చాడు.

చౌకీల మధ్య కబురు మోసేది ఒకే ఒక్క వైరు. రేంజరు బంగళాలో మొదలై, మొదటి చౌకీకి, అక్కణ్ణుంచి రెండోదానికి, చివరికి మూడోదానికి పోతుంది. ప్రతిచోటా గోడకు ఒక టెలిఫోను డబ్బా, దానికో పిడి. ఎవరు పిడి తిప్పినా అన్ని డబ్బాలూ మోగుతాయి, తిప్పినవాడి డబ్బాతో సహా. వైరు ఎక్కడైనా తెగిందా, ఆ అవతలంతా మూగదే.

సాయంత్రం హాజరు. బంగళా నుంచి పొడుగ్గా ఒక మోత వస్తుంది. జవాబుగా మొదటి చౌకీ ఒక్క మోత, రెండోది రెండు, మూడోది మూడు. మోత వస్తే మనిషి ఉన్నట్టు. రాకపోతే తెల్లారేసరికి తుపాకులతో జనం అక్కడికి బయల్దేరుతారు. బ్యాటరీలు అయిపోతున్నాయని, మరీ అవసరమైతే తప్ప మాటలు మాత్రం కట్టిపెట్టించాడు రేంజరు.

ఆ మూడు మోతలు వింటేనే బిక్షమ్మకు ముద్ద దిగేది.

"అన్నా, ఒక్కసారి మీ బావతోని మాట్లాడనీయరాదే?"

"దొరకు ఎరుకైతే నా నౌకరి పోతది చెల్లె. రోజు మోగిస్తుండు గద, నీకేం ఫికర్?"

"ఏమో. నేనాడ ఉన్నప్పుడు ఆయనకు హాజరంటే ఎంత బద్ధకమో. కేకలేస్తే గాని లేవకపోతుండె. గిప్పుడు నీ రెండు గాంగనే టక్కున మూడు కొడుతుండు."

లచ్చయ్య నవ్వాడు. "పెండ్లాం దూరమైతే ఎవనికైనా బుద్ధొస్తది."

బిక్షమ్మకూ నవ్వొచ్చింది. కానీ లోపల ముల్లు అట్లాగే ఉంది. ఆమె బయల్దేరిన రోజు పర్వతాలు ముఖం మాడ్చుకున్నాడు. టేకు మొద్దుల దొంగబండ్లు రెండో చౌకీ ముందు నుంచే పోతున్నాయని, ఇక దొరకు ఫోనులో చెప్పేస్తానని లచ్చయ్య ముఖం మీదే అన్నాడు. "కడుపుతోనున్న, నా మొఖం జూసి ఊకో" అని ఆమే బతిమాలింది. ఆయన వెళ్లిరమ్మని కూడా అనలేదు. మొగుణ్ణి అట్లా నోరు మూయించి వచ్చినందుకు ఆమెకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. బిడ్డను చంకనేసుకుని పోయి, ఆ కోపం దించాలి. అందాకా ఆయన పులి కంట పడకుండా ఉంటే చాలు.

లచ్చయ్య చెల్లెల్ని కాలు కింద పెట్టనివ్వడు. హాజరు వేళ డబ్బా దగ్గరికి రానివ్వడు. వైరు మీద పిడుగు దిగితే కడుపులో బిడ్డకు కష్టమంటాడు. బయట పొయ్యి దగ్గర కూర్చోబెట్టి, తడిక మూసుకుంటాడు. గుడిసె వెనక్కి అసలే పోనివ్వడు.

"గా పొదల పులి నక్కితే కానరాదు చెల్లె. జర పైలం."

అన్నంటే ఇట్లా ఉండాలని ఆమె మురిసిపోయేది.

ఆ సాయంత్రం అడవి బిగుసుకుపోయినట్టుంది. ఆకు కదలడం లేదు. కొండముచ్చులు కూడా గప్‌చుప్‌గా ఉన్నాయి. లచ్చయ్య లోపలికి పోయి తడిక మూశాడు.

బంగళా మోత పొడుగ్గా వచ్చింది. అదే సమయానికి గుడిసె వెనక మేకపిల్ల గొంతు చించుకుని అరిచింది.

బిక్షమ్మ మేకపిల్లను కట్టేసే గుంజ వైపు చూసింది. అది లేదు. అన్నను పిలుద్దామంటే హాజరు మధ్యలో ఉన్నాడు. పొయ్యిలోంచి మండే కొరివి లాక్కుని, పొట్ట పట్టుకుని వెనక్కి నడిచింది.

లోపల మొదటి చౌకీ మోత ఒక్కటి.

పులి లేదు. మేకపిల్ల కాకిదొండ పాదులో చిక్కుకుని కాళ్లు కొట్టుకుంటోంది. పాదు గోడ దాకా దట్టంగా అల్లుకుంది. కాయలన్నీ పండి ఎర్రబడ్డాయి.

"ఓసి నీ దుంప తెగ! పానం తీస్తివి గదనే" అంటూ కూలబడింది.

లోపల రెండు మోతలు. అన్నవి.

"ఇగ మీ నాయిన వంతు" అని కడుపులోని బిడ్డకు చెప్పుకుంటూ, గోడకేసి చెవి పెట్టి, మేకపిల్ల కాలికి చుట్టుకున్న తాడును గట్టిగా లాగింది.

పాదు కింది నుంచి ఆమె చేతికొచ్చింది తాడు కాదు, నున్నగా కోసేసిన, మూడో చౌకీకి పోయే వైరు. సరిగ్గా అప్పుడే గోడ అవతల డబ్బా టక్కున మూడుసార్లు మోగింది.