వెన్నరంగు కారున్న ఇల్లు

“షెడ్డు వైపు చూడకు. ముందు వంటిల్లు,” అంటూ ఆమె భర్త మోచెయ్యి పట్టుకుని లాగింది.

అతను అప్పటికే చూసేశాడు. ఓరగా తెరిచి ఉన్న షెడ్డు తలుపు సందులోంచి ఒక గుండ్రటి హెడ్‌లైటు అతని వంకే చూస్తోంది.

“అది అదేనంటావా?” అన్నాడు గొంతు తగ్గించి.

“ఏదైతేనేం. మనం వచ్చింది ఇంటి కోసం. మీ అక్కయ్య వాళ్ళ ముందుగది గుర్తుందా, లేదా?”

గుర్తుండకేం. పెళ్ళయిన దగ్గర్నుంచీ కాపురం ఆ గదిలోనే. ఇంట్లో ఎవరు బయటికి వెళ్ళాలన్నా వీళ్ళ మంచం పక్కనుంచే దారి. పొద్దున్నే పేపరు కోసం వెళ్ళే బావగారు మర్యాదకి గట్టిగా దగ్గి, కళ్ళు మూసుకుని, మంచం కోడు తన్నుకుని మరీ వెళ్తారు. పాపం, ఆయన బొటనవేలు వాచిపోయింది.

ఈ ఇంట్లో అలా కాదు. వంటింటి కిటికీలోంచి ఎండ వచ్చి గట్టు మీద పడుతోంది. పడగ్గదికి తలుపుంది. తలుపుకి గొళ్ళెం ఉంది. ఆ గొళ్ళెం వేసి, తీసి, మళ్ళీ వేసి ఆమె మురిసిపోయింది. చిక్కల్లా ఒక్కటే. ఇంటావిడకి మనుషులు నచ్చితేనే అద్దెకిస్తుంది. బ్రోకరు పంపినవాళ్ళందర్నీ ఏదో ఒక వంక పెట్టి వెనక్కి పంపేసిందట. ఇందాక వీళ్ళు గేటు తీసుకుని రాగానే ఆవిడ మేడమీద వరండాలోంచే పలకరించింది. “కాలు బెణికిందమ్మా, దిగడానికి కాస్త టైం పడుతుంది. ఈలోపు కిందంతా చూసుకోండి.”

ఆమె పడగ్గదిలోంచి వచ్చేసరికి భర్త లేడు. ఎక్కడుంటాడో తెలుసు కాబట్టి నేరుగా షెడ్డుకే వెళ్ళింది.

వెన్నరంగు కారు. రెండే తలుపులు, మడతపెట్టే గుడ్డ టాపు, దుమ్ములో కూడా మెరుస్తున్న స్టీరింగు. దాని ముందు అతను చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆమెని మొదటిసారి చూసిన రోజున కూడా ఇంత బెదిరిపోలేదు.

బానెట్ కిందనుంచి ఒక పెద్దాయన తలెత్తాడు. నెరిసిన మీసం, మోచేతుల దాకా మడిచిన చొక్కా, చేతుల నిండా గ్రీజు. పక్కనే గాలికొట్టే పంపు.

“రా అమ్మాయ్, రా. ఇతగాడు నీ మొగుడేనా? వచ్చిన దగ్గర్నుంచీ నోట మాట లేదు.”

“మాట ఎలా వస్తుందండీ,” అన్నాడు భర్త. “ఇలాంటి కార్లు ఇప్పుడు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. చిన్నప్పుడు నా పుస్తకాల అట్టలన్నిటి మీదా దీని బొమ్మే గీసుకునేవాణ్ణి.”

“నేను మాత్రం? దీనికోసం ఎన్నేళ్ళు తిరిగాననుకున్నావ్, అల్లుడూ.”

పరిచయమైన కాసేపటికే ఆమె అమ్మాయి, అతను అల్లుడు అయిపోయారు. ఇక ఇల్లెక్కడికి పోతుంది అనుకుంది ఆమె.

“ఇల్లు మాకు బాగా నచ్చిందండీ. గోడకి ఒక్క మేకు కూడా కొట్టం.”

“మంచి ఇల్లే. వెలుతురు బాగా వస్తుంది. వదులుకోకండి,” అన్నాడాయన ఏదో మర బిగిస్తూ.

ఆమె భర్తకేసి చూసి కళ్ళతోనే గంతేసింది.

“కొత్త బ్యాటరీ పెట్టాను. చాలాకాలం కదలకుండా పడుంది కదా, మొండికేస్తోంది. అమ్మాయ్, తాళం ఎక్కడ పెట్టారో కాస్త వెతికిపెడుదూ. నా కళ్ళకి ఆనడం లేదు.”

మగవాళ్ళకి సొంత ఇంట్లో ఏ వస్తువూ కనపడదని ఈ కొద్దిరోజుల కాపురంలోనే ఆమెకి తెలిసొచ్చింది. తలుపు వెనక మేకుకి వేలాడుతున్న తాళం ఇట్టే పట్టుకొచ్చింది.

“చూశావా అల్లుడూ, నీకెంత చురుకైన పెళ్ళాం దొరికిందో,” అంటూ పెద్దాయన స్టీరింగు ముందు కూర్చున్నాడు. ఇంజను ఖళ్ళుమని దగ్గి ఊరుకుంది. “ఊహూ, ఇది నీ చెయ్యి పడితే గానీ కదలదు. వెనకనుంచి ఓ తోపు తోస్తావా? అమ్మాయ్, గేటు బార్లా తియ్యి.”

ఇంటావిడ దగ్గర మార్కులు కొట్టేద్దామని ఇస్త్రీ చేయించుకున్న చొక్కా. అతను చేతులు కూడా మడుచుకోకుండా తొయ్యడం మొదలుపెట్టాడు.

“గట్టిగా తొయ్యి, అల్లుడూ. అమ్మాయి ముందు పరువు పోతుంది.”

“అలా ఆనుకుని నిలబడితే తోసినట్టా?” అంది ఆమె గేటు పట్టుకుని, నవ్వు ఆపుకోలేక. మేడమీద ఇంటావిడ కూడా రెయిలింగు మీదికి వంగి నవ్వుతోంది.

గేటు దాటుతుండగా కారు గుప్పున అతని మొహాన పొగ వదిలి, గుర్రుమని లేచింది. “ఒక్క రౌండు,” అని పెద్దాయన చెయ్యి ఊపాడు. వెన్నరంగు కారు వీధి మలుపు తిరిగింది.

అతని మొహమంతా మసి, మసి మధ్యలో నవ్వు. “నన్ను కూడా ఎక్కించుకుంటాడంటావా?”

“ముందు ఇల్లు రానీ. తర్వాత రోజూ ఎక్కుదువుగాని.”

ఇంటావిడ ఒక్కో మెట్టూ ఆచితూచి దిగి వచ్చింది. ఇద్దరూ గేటు వదిలి ఎదురెళ్ళారు.

“ఇందాకట్నుంచీ పైనుంచి చూస్తూనే ఉన్నాను,” అంది ఆవిడ. “ఇంతకుముందు వచ్చినవాళ్ళంతా కుళాయిలు తిప్పి, గోడలు తట్టి పోయారు. ఒక్కరూ నవ్విన పాపాన పోలేదు. మీలాంటి వాళ్ళుంటే ఇల్లు కళకళలాడుతుంది. రేపే సామాను తెచ్చేసుకోండి.”

ఆమె భర్త వేళ్ళు గట్టిగా నొక్కేసింది. గొళ్ళెం చప్పుడు అప్పుడే చెవుల్లో వినిపిస్తోంది.

“చాలా థాంక్సండీ. ఇదంతా ఆయన చలవే,” అంది వీధి మలుపు వైపు చూపిస్తూ.

“అవునమ్మా, భలే సరదా మనిషి. ఆ మొండి బండిని కదిలించడమంటే మాటలా.”

ఆవిడ కూడా అటే చూసింది.

“ఇంతకీ మీ నాన్నగారు కారు ఎటు తీసుకెళ్ళారమ్మా?”