నిన్నటి కొంగు

“అది నా డిజైనయ్యా! ఆ గండభేరుండం గీసింది నేను!”

చైత్ర గొంతు మగ్గాల చప్పుడును కూడా దాటి వినిపించింది. వెంకటగిరియప్ప కళ్ళద్దాలు సర్దుకుని నాగరాజ్ కంప్యూటర్ తెర వైపు చూశాడు. బెంగళూరు యలహంకలోని ఆ పట్టుచీరల షెడ్డు ఆయనది. తెర మీద ఉన్నది ఆదివారం తన షష్టిపూర్తికి భార్య సొన్నమ్మ కట్టబోయే చీర కొంగు. ఇంత అందమైన కొంగు తన షెడ్డులో ఇదివరకు పుట్టలేదని ఆయన ఇప్పుడే డిజైనర్ నాగరాజ్ వీపు తట్టాడు. ఇకమీదట చైత్రతో సహా డిజైనర్లందరికీ నువ్వే పెద్దవని కూడా అన్నాడు. ఆ చెయ్యి పడాల్సింది చైత్ర వీపు మీద. ఆమెకు కడుపు మండిపోయింది.

“ప్రతి పోగూ నాదే,” అన్నాడు నాగరాజ్ తొణక్కుండా. “నీదైతే నీ సిస్టంలో ఉండల్ల కదా? చూపించు మరి.”

“ఎట్ల ఉంటాది? వైరస్ వచ్చిందని మొన్న నా సిస్టం అంతా తుడిచేసింది నువ్వే కదా!”

“సహాయం చేసినోడి మీదే నింద! చూసినారా అయ్యా?”

కంప్యూటర్ల తగవు తీర్చేంత ఓపిక వెంకటగిరియప్పకు లేదు. “ఇంక చాలించండప్పా. రాహుకాలం వచ్చేలోపల ఇది మగ్గం ఎక్కల్ల. నాగరాజ్, రా, ముందు కర్పూరం ముట్టిస్తాం.”

ఇద్దరూ పక్కగదిలో దేవుడి పటం దగ్గరికి వెళ్ళారు. చైత్ర ఒక్కతే మిగిలింది. తెర మీద రెండు తలల పక్షి రెక్కలు విప్పుకుని కూర్చుంది. ఒక్కో ఈకనూ కళ్ళు కాయలు కాసేలా గీసింది తను. అది ఆ వెధవ పేరుతో సొన్నమ్మ భుజమెక్కి ఊరేగుతుందా? తనకు దక్కనిది వాడికీ దక్కకూడదు. షిఫ్ట్ నొక్కిపట్టి డిలీట్ కొట్టింది. చెత్తబుట్టలోకి కూడా పోకుండా పక్షి మాయమైంది. ఆమెకు ప్రాణం లేచి వచ్చింది.

ఆ సంబరం ఎంతోసేపు నిలవలేదు. హారతి కళ్ళకద్దుకుని వచ్చిన నాగరాజ్, ఖాళీ ఫోల్డర్ చూసి ఒక్క క్షణం తెల్లబోయాడు. తర్వాత నవ్వాడు.

“తుడిచేస్తే పోతాదనుకుంటివా, పిచ్చిదానా? కంప్యూటర్ రోజూ మధ్యాహ్నం అన్నిటికీ ఒక కాపీ దాచిపెట్టుకుంటాది.”

ఫోల్డర్ మీద రైట్ క్లిక్ కొట్టాడు. పాత వెర్షన్ల వరుస తెరుచుకుంది. నిన్నటి తేదీ ఎంచుకుని రీస్టోర్ నొక్కాడు. పోయిన ఫైలు బుద్ధిగా వచ్చి తన చోట కూర్చుంది.

“తొందరగా కానీప్పా, రాహుకాలం వచ్చేస్తాంది!” అని వెంకటగిరియప్ప గడియారం చూస్తూ గంతులేశాడు. నాగరాజ్ ఫైలును తెరిచి చూడనైనా చూడకుండా పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, పరుగున షెడ్డులో ఇచ్చి వచ్చాడు.

అప్పుడు వెంకటగిరియప్ప చైత్ర వైపు తిరిగాడు. “దొంగ ఎవురో ఇప్పుడు తెలిసింది. రేపట్నించి నువ్వు రావద్దు.”

నాగరాజ్ తలుపు దగ్గర నిలబడి, “పోయిరా చెల్లీ,” అని చెయ్యి ఊపాడు. వాడి చేతులు పడిపోవాలని చైత్ర మనసారా తిట్టుకుంది. ఎంత తిట్టుకున్నా ఆ చెయ్యి ఊగుతూనే ఉంది.

టిఫిన్ డబ్బా షెడ్డులో ఉండిపోయింది. దాని కోసం వెళ్తే, నేతగాడు లింగన్న అప్పటికే మగ్గం నడుపుతున్నాడు. కొంగు జానెడు పడింది. జరీ కొంగును అక్కడ బోర్లా నేస్తారు. నేసేవాడికి పైన కనిపించేది పోగుల చిక్కే, అసలు ముఖం కిందివైపు ఉంటుంది. తన పక్షిని ఆఖరిసారి చూసుకుందామని చైత్ర నేల మీద కూర్చుని, మగ్గం కిందికి తల వంచి పైకి చూసింది.

పక్షి ఇంకా మొదలు కాలేదు. పక్షికి ముందు అక్షరాలున్నాయి.

చదవగానే ఆమెకు సంగతి తెలిసిపోయింది. కొత్త డిజైన్ వేసినప్పుడు పోగుల్ని ఎత్తే మగ్గం కొక్కేలన్నీ సరిగ్గా లేస్తున్నాయో లేదో చూడటానికి, డిజైనర్లు కొంగు మొదట్లో ఏదో ఒక వాక్యం రాసి పాత పోగుల మీద కాస్త నేయించుకుంటారు. ఎవరూ చూడరు గనుక మనసులో ఏముంటే అదే రాస్తారు. చూసుకున్నాక చెరిపేస్తారు. నాగరాజ్ నిన్న సాయంత్రం చెరిపే ఉంటాడు. కానీ ఇప్పుడు వెనక్కి తెచ్చుకున్నది మధ్యాహ్నం కాపీని.

‘ఆపన్నా’ అనే మాట ఆమె నాలుక దాకా వచ్చింది.

లింగన్నే మగ్గం ఆపాడు. “ఏం చైత్రమ్మా, అట్ల చూస్తాండావు? తప్పేమన్నా పడిందా? పడుంటే ఇప్పుడే చెప్పు, విప్పేస్తా. ఆదివారం చుట్టాలందరి ముందర మన అయ్యే సొంతంగా మడత విప్పి సొన్నమ్మకు కప్పుతాడంట. అంతవరకు ఎవురూ విప్పి చూడకూడదని దేవుడి మీద ఆన పెట్టినాడు.”

చైత్ర లేచి, చున్నీ దులుపుకుని, డబ్బా అందుకుంది. పొద్దుటి నుంచి ఉన్న కడుపుమంట ఏమైపోయిందో తెలియదు.

“తప్పేం లేదన్నా, నేసేయ్. డిజైన్ ఎవురిదని అడిగితే నాగరాజ్‌దే అని చెప్పు. నేనూ ఒప్పుకుంటాండా.”

మగ్గం మళ్ళీ కదిలింది. కిందివైపు, మేలిమి జరీలో, గుండ్రటి అక్షరాలు తళతళా మెరుస్తున్నాయి: “ఈ గిరియప్ప గాడిదకు జరీకీ గడ్డికీ తేడా తెలీదు. ఇట్లు, నాగరాజ్.”